తోలు, పాలిమర్ క్లే, పూసలు కలిసే చోటు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీవు పంపిన ఫోటోలు చూశాను. తోలు పట్టీ నడుమ నీలం పాలిమర్ క్లే బిళ్ల, దాని చుట్టూ చిన్న పూసల వరుస ఉన్న ఆ ముంజేతి పట్టీలో రంగుల కూర్పు చాలా బాగా కుదిరింది. అయితే రెండో ఫోటోలో, పట్టీ చేతికి చుట్టుకున్నప్పుడు, బిళ్ల అంచుకూ తోలుకూ మధ్య సన్నని ఎడం కనిపిస్తోంది. ఆ ఎడం చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను. తోలు వంగుతుంది, వాడేకొద్దీ కొంత సాగుతుంది. క్లే ఒకసారి కాలాక తన ఆకారాన్ని వదలదు. గాజు పూస అంచు దారాన్ని ఒరుసుకుంటూనే ఉంటుంది. ఇన్ని స్వభావాలను ఒకే నగలో కూర్చేటప్పుడు, అవి ఒకదానితో ఒకటి ఎక్కడ, ఎలా కలుస్తాయన్నది కాగితం మీద నమూనా గీసే రోజునే తేల్చుకోవాలి.

ముందు క్లే సంగతి. పేరులో క్లే అని ఉన్నా అందులో మట్టి లేదు; అది పీవీసీ పొడిని మెత్తబరిచే ద్రవంతో కలిపి చేసిన ముద్ద. వేడి తగిలినప్పుడు ఆ రేణువులు ఒకదానితో ఒకటి కరిగి అతుక్కుంటేనే దానికి బలం వస్తుంది. అందువల్ల చాలినంత వేడి అందని బిళ్ల పైకి గట్టిగా కనిపించినా, చేయి జారి పడితే పెళుసుగా విరిగిపోతుంది. తయారీదారుని బట్టి కాల్చే వేడి 110 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ వరకు మారుతుంది కాబట్టి, పొట్లం మీద ఉన్న అంకెనే పాటించు; సాధారణంగా 6 మిల్లీమీటర్ల మందానికి 30 నిమిషాలు పడుతుంది. ఓవెన్ మీటను మాత్రం నమ్మవద్దు. నా మొదటి ఓవెన్ మీట 130 దగ్గర ఉన్నా లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువగా ఉండేది; రెండు రోజులు కూర్చుని రేకు రేకుగా అతికించిన తెల్లని పువ్వులన్నీ ఒక్క అరగంటలో గోధుమరంగుకు తిరిగాయి. ఆనాటి నుంచి లోపల వేరే థర్మామీటరు పెట్టి చూడనిదే ఏదీ కాల్చలేదు. లేత రంగుల మీద అల్యూమినియం రేకును గుడారంలా కప్పితే అవి మాడకుండా ఉంటాయి. క్లే మాడి పొగ వస్తే ఓవెన్ ఆపి, కిటికీలు తెరిచి బయటికి వచ్చెయ్యి. ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఉంటుంది. క్లేకు వాడిన కత్తి, పళ్లెం మళ్లీ వంటకు వాడకూడదని వేరే చెప్పనక్కరలేదు.

క్లేతో పూసలు చేసేటప్పుడు బెజ్జం వేయడంలో తొందరపడకు. అప్పుడే పిసికిన ముద్దలో సూది గుచ్చితే పూస నొక్కుకుపోతుంది. ఉండ చేశాక కొంతసేపు చల్లని చోట ఉంచి, తరువాత సూదిని వేళ్ల మధ్య తిప్పుతూ నెమ్మదిగా దించు. అవతలి వైపు మొన కనిపించగానే బయటికి లాగి, ఆ చుక్క దగ్గర నుంచి మళ్లీ గుచ్చు. అప్పుడు రెండు వైపులా అంచు నున్నగా ఉంటుంది. మరొక మాట, తెల్లని క్లేను ఎప్పుడూ అన్నిటికంటే ముందు పిసుకు, ఎందుకంటే ఎర్ర రంగు అంటిన వేలి ముద్ర తెలుపు మీద నుంచి పోదు.

తోలు విషయంలో, ముద్రలు కొట్టి నగిషీ తేవాలనుకుంటే చెట్ల బెరడు నుంచి తీసిన టానిన్‌తో పదును చేసిన తోలునే ఎంచుకో. క్రోమియం లవణాలతో పదును చేసినది మెత్తగా ఉంటుంది కానీ ముద్రను నిలుపుకోదు. స్పాంజితో తడిపిన వెంటనే కొట్టకూడదు. తడి లోపలికి ఇంకి, పైన అసలు రంగు తిరిగి వస్తూ, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగులుతున్నప్పుడు దానికి సరైన పదను వచ్చినట్టు. ఆ సమయంలో కొట్టిన ముద్ర లోతుగా, ముదురుగా పడుతుంది. తడి తోలు దగ్గర ఇనుప పాత్ర, ఇనుప రజను లేకుండా చూసుకో. టానిన్‌తో ఇనుము కలిస్తే నల్లని మచ్చ పడుతుంది, అది ఏ సబ్బుకూ వదలదు. అంచులను కొద్దిగా చెక్కి, తడి చేసి, నున్నని కర్రతో మెరుపు వచ్చేదాకా రుద్దు. కొత్తగా చేసేవారిలో చాలామంది ఇక్కడే ఓపిక కోల్పోతారు, కానీ పనితనం తెలిసినవారి కన్ను మొదట పడేది అంచు మీదనే.

ఇక నీ బిళ్ల దగ్గరికి వస్తాను. చదునుగా కాలిన బిళ్లను గుండ్రంగా తిరిగే పట్టీకి అతికిస్తే, పెట్టుకున్న ప్రతిసారీ తోలు ఆ జిగురును అంచు నుంచి లాగుతుంది. ఎంత మంచి జిగురైనా ఆ లాగుడుకు ఎక్కువ కాలం నిలవదు. అందుకే బిళ్లను మణికట్టు వంపుకు దగ్గరగా ఉన్న గాజు సీసా మీద పరచి, సీసాతో సహా ఓవెన్‌లో పెట్టి కాల్చు; వేడి సీసాను వెంటనే చన్నీళ్లలో పెట్టకుండా ఓవెన్‌లోనే చల్లారనివ్వు. కాల్చకముందే అంచుకు 3 మిల్లీమీటర్ల లోపల నాలుగు బెజ్జాలు వేసి ఉంచితే, తరువాత వాటి గుండా తోలుకు కుట్టవచ్చు. బిళ్ల వెనుక భాగాన్నీ, అది ఆనే చోట తోలు పైపొరనూ ఉప్పు కాగితంతో గరుకు చేసి జిగురు పూసి, ఆపైన కుట్టు కూడా వెయ్యి. తోలుతో కలిపి మాత్రం ఎన్నడూ కాల్చకు, తోలు ముడుచుకుని బిరుసెక్కుతుంది.

పూసల గురించి నీకు చాలా తెలుసు కాబట్టి రెండు మాటలే చెబుతాను. గొట్టం పూసల కొసలు కత్తి అంచులా ఉంటాయి. ప్రతి గొట్టానికీ ఇరువైపులా ఒక్కొక్క చిన్న గుండ్రని పూస ఎక్కిస్తే దారం ఆ అంచుకు తగలదు. ఒక స్నేహితురాలికి చేసిచ్చిన హారంలో నేను ఈ జాగ్రత్త తీసుకోలేదు, నెల తిరగకుండానే అది తెగి పూసలన్నీ చెల్లాచెదురయ్యాయి. తోలు మీద పూసలు కుట్టినప్పుడు వెనుకవైపు దారాలు చర్మానికి ఒరుసుకోకుండా పలుచని తోలు అస్తరు వెయ్యి. నీ ఫోటోలను బట్టి ఆ అస్తరు లేదనిపిస్తోంది.

జంప్ రింగును, అంటే నగ భాగాలను కలిపే చిన్న తీగ వలయాన్ని, తెరిచేటప్పుడు కొసలను పక్కలకు లాగకుండా, రెండు పట్టకార్లతో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పు. మూసినప్పుడు గోరు పట్టనంత దగ్గరగా కొసలు కలవాలి. చెవిలోకి వెళ్లే కొక్కేలకు నికెల్ కలిసిన లోహం వద్దు, చాలామందికి దానివల్ల దురద, పొక్కులు వస్తాయి. టైటానియం గానీ నియోబియం గానీ మేలు.

ఈ పట్టీని విప్పి, వంపుతో కాల్చిన కొత్త బిళ్లతో మళ్లీ చెయ్యి. పూర్తయ్యాక పట్టీ వెనుకవైపు ఫోటో కూడా పంపు. నేను ముందుగా చూడాలనుకుంటున్నది అదే.

ఇట్లు,
ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ