నిరంకుశుడు, నియంత ఒకరేనా?

సందేహం: 17వ శతాబ్దపు ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ నియంతృత్వాన్ని సమర్థించాడని ఒక పుస్తకంలో, నిరంకుశత్వాన్ని సమర్థించాడని మరోదాంట్లో చదివాను. రెండూ ఒకటేనా? వీటికి వ్యతిరేకపదం 'ప్రాతినిధ్య ప్రభుత్వం' అనుకోవచ్చా? అందులో ఉండాల్సింది 'ధ'నా, 'థ'నా?

సమాధానం: హాబ్స్ విషయంలో నిరంకుశత్వం అనడమే సరి. అంకుశం మావటివాడి చేతిలో ఉండేది. దానికి లొంగని ఏనుగు నిరంకుశం. ఈ మాట అధికారానికి అడ్డు ఉందా లేదా అన్నదే చెబుతుంది, మంచిచెడ్డలు చెప్పదు. 'నిరంకుశాః కవయః' అన్నప్పుడు కవుల్ని తిట్టినట్టు కాదు కదా! నియంత ఎదురు దిక్కునుంచి వచ్చిన మాట. అదుపు చేసేవాడు అని అర్థం. సంస్కృతంలో సారథినీ అలా అంటారు. ఒకటి అంకుశం లేని ఏనుగు, రెండోది పగ్గాలు పట్టినవాడు.

డిక్టేటర్‌కు తెలుగులో నియంత స్థిరపడింది. ప్రాచీన రోములో ఆ పదవి ఆపత్కాలంలో ఇచ్చేది, గడువు 6 నెలలకు మించదు. ఇప్పుడు మాత్రం వారసత్వంతో కాకుండా మరో దారిన వచ్చి అధికారమంతా గుప్పిట పెట్టుకున్నవాణ్ని అంటున్నాం. కాబట్టి ఫ్రాన్సును ఏలిన 14వ లూయీ నిరంకుశ రాజు, ఇటలీని ఏలిన ముస్సోలినీ నియంత. 'నిజాం నిరంకుశ పాలన' అనే వాడుక కూడా ఈ లెక్కన సరైనదే.

ఇక వ్యతిరేకపదం. ఇక్కడే చాలామంది పొరబడతారు. 1651 నాటి తన గ్రంథం 'లెవయాథన్'లో హాబ్స్ సార్వభౌముణ్ని ప్రజల ప్రతినిధి అనే అంటాడు: జనం తమ తరఫున వ్యవహరించమని ఒప్పుకున్నారు, కనుక అతను చేసిందల్లా వాళ్లు చేసినట్టే. పైగా ఆ సార్వభౌముడు ఒక్క మనిషే కానక్కర్లేదు, సభ కూడా కావచ్చు. ఆయనకు రాచరికమే నచ్చింది, అది వేరే సంగతి. 18వ శతాబ్దపు తత్వవేత్త రూసో తీరు దీనికి తిరగేసినట్టుంటుంది. రాజుకు సార్వభౌమత్వం ఇవ్వడు, ప్రజల సంకల్పానికి ప్రతినిధులు ఉండగలరనీ ఒప్పుకోడు. పార్లమెంటు సభ్యుల్ని ఎన్నుకునే కాసేపే ఇంగ్లీషువాళ్లు స్వతంత్రులని 1762లో ఎత్తిపొడిచాడు. నిరంకుశం 'ఎంత అధికారం' అన్నదానికి, ప్రాతినిధ్యం 'ఎవరి తరఫున' అన్నదానికి జవాబులు. నిరంకుశానికి సరైన జోడీ కావాలంటే 'పరిమిత', 'రాజ్యాంగబద్ధ' అనండి.

వర్ణక్రమం: ప్రతినిధిలో ఉన్నది 'ధా' ధాతువు, ఒకరి స్థానంలో పెట్టబడినవాడని. యాగంలో సోమలత దొరకనప్పుడు వాడే పూతీకమనే మొక్కనూ మీమాంసకులు, అంటే యాగవిధుల్ని చర్చించే శాస్త్రకారులు, ప్రతినిధి అనే అన్నారు. ప్రతినిధి అనే మాటకు భావార్థంలో (అలా ఉండటం అనే అర్థంలో) 'య' చేరి, మొదటి అచ్చుకు వృద్ధి వస్తే, అంటే 'అ' కాస్తా 'ఆ' అయితే, ప్రాతినిధ్యం. 'థ' రాయడానికి కారణం బహుశా ఆతిథ్యం ప్రభావం. అతిథిలో 'థ' ఉంది కనుక అక్కడ అది ఒప్పు, ఇక్కడ తప్పు. మొదటి అక్షరానికి దీర్ఘం ఎగరగొట్టి 'ప్రతినిధ్య ప్రభుత్వం' అనడమూ తప్పే. 'ప్రాతినిధ్యత' అంటే ఒకే పనికి రెండు ప్రత్యయాలు తగిలించినట్టు.

నియంతకు 'త్వం' చేరేటప్పుడు మూలరూపం 'నియంతృ' బయటికి వస్తుంది, నేత నేతృత్వమైనట్టే. 'నియంతత్వం', 'నియంత్రుత్వం' రెండూ రాయకండి.