కొబ్బరితోట మోటారు రిమోట్‌లో బ్యాటరీ ఎందుకు నిలవదు

కవిటి దగ్గర తోటలోని మోటారుకి ఈఎస్‌పీ32 బోర్డుతో (వైఫై ఉన్న చిన్న కంట్రోల్ బోర్డు) మీరు రిమోట్ చేస్తే, సీఆర్2032 బిళ్ల బ్యాటరీ పూట కూడా ఆగడం లేదన్నారు. మీ కోడ్‌లో తప్పేం లేదండీ. ఆ బిళ్లలో ఉండేదే సుమారు 220 మిల్లీఆంపియర్ అవర్లు. వైఫై సిగ్నల్ పంపేటప్పుడు ఈఎస్‌పీ32 వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది. అంత ఒక్కసారిగా ఇవ్వలేక వోల్టేజి పడిపోతుంది, చిప్ రీసెట్ అవుతుంది. చిప్ డీప్ స్లీప్‌లో, అంటే దాదాపు అన్నీ ఆపేసి నిద్రలో ఉన్నా, బోర్డు మీద వోల్టేజి సరిచేసే రెగ్యులేటర్, పవర్ ఎల్‌ఈడీ కరెంటు తాగుతూనే ఉంటాయి.

రిమోట్‌కీ మోటారుకీ 400 మీటర్ల దూరం, మధ్యలో చెట్లు అంటే వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ వదిలేయండి. తక్కువ కరెంటుతో దూరం వెళ్లే రేడియో పద్ధతి లోరా మేలు, మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్‌కి లైసెన్సు అక్కర్లేదు. నేనైతే ఎస్‌టీఎం32డబ్ల్యూఎల్ఈ5 ఉన్న మాడ్యూల్ తీసుకుంటాను. కోడ్ నడిపే మైక్రోకంట్రోలర్, లోరా రేడియో రెండూ ఒకే చిప్‌లో ఉంటాయి, నిద్రలో కొద్ది మైక్రోఆంపియర్లే ఖర్చు. రెగ్యులేటర్ లేకుండా రెండు ఏఏ సెల్స్ నేరుగా కలపండి, బటన్ నొక్కితేనే చిప్ లేచేలా రాయండి.

మోటారు దగ్గరి రిసీవర్ నుంచి తిరుగు జవాబు వచ్చాకే రిమోట్‌లో లైటు వెలగాలి, ఇది మాత్రం వదలొద్దు. ఆపమన్న సిగ్నల్ అందకపోతే మోటారు రాత్రంతా తిరుగుతుంది, నీళ్లు అయిపోతే కాలిపోతుంది కూడా. అందుకని రిసీవర్‌లోనే ఆఫ్ టైమర్ పెట్టండి.