ప్రాడ్ అంటే ముల్లుగర్రా, కొరడానా, అంకుశమా?

సందేహం: పాడి పశువులను తోలేటప్పుడు, లారీ ఎక్కించేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల మీద ఒక ఇంగ్లీషు కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాం. అందులో పశువును కదిలించే సాధనాలకు ‘ప్రాడ్’, ‘ఎలక్ట్రిక్ ప్రాడ్’ అనే మాటలు చాలాసార్లు వచ్చాయి. నేను ‘అంకుశం’, ‘విద్యుదంకుశం’ అని పెట్టాను. నాతో పనిచేస్తున్నావిడ ‘కొరడా’, ‘కరెంటు కొరడా’ అంటున్నారు. మా నాన్నగారు రైతు. అది ముల్లుగర్రే కదా, ఇంత ఆలోచన ఎందుకు అన్నారు. ఏది సరైనది? ‘ప్రాడ్ చేయడం’ అన్నచోట ‘పొడవడం’ అనొచ్చా? ముల్లుగర్ర, ములుగర్ర, ముల్లుకర్ర – వీటిలో ఏది రాయాలి?

సమాధానం: మామూలు ప్రాడ్ వరకు మీ నాన్నగారి మాటే ఖాయం చేసుకోండి. ఎలక్ట్రిక్ ప్రాడ్‌కి మాత్రం ఈ మూడూ కుదరవు.

పశువును కదిలించే సాధనాలకు మనకు చాలా పేర్లున్నాయి. నిఘంటువులో పక్కపక్కన చూసి వాటిని పర్యాయపదాలు అనుకుంటాం కానీ, పశువు ఒంటి మీద ఒక్కొక్కటి చేసే పని వేరు. ముల్లుగర్ర గుచ్చుతుంది. సన్నటి కర్ర చివర తల తీసేసిన మేకునో చిన్న ఇనప ముల్లునో దిగ్గొడతారు. గోరంత మొన బయటికి ఉంటుంది. ఎద్దు నడక మందగించినప్పుడు తొడ మీదో తోక మొదట్లోనో దాన్ని ఆనిస్తారు. నేర్పున్న మనిషి ఆనించీ ఆనించకముందే ఎద్దు అడుగు సాగిస్తుంది. నేర్పూ ఓపికా లేనివాడి చేతిలో అదే చోట మళ్లీ మళ్లీ గుచ్చుకుని పుండు పడుతుంది, దాని మీద ఈగలు ముసురుతాయి.

చర్నాకోల అలా కాదు. కర్రకు కట్టిన తోలు పేటో తాడో చరుస్తుంది. చాలాసార్లు చెళ్లుమనే చప్పుడే సగం పని చేస్తుంది. కొరడా, ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన చబుకు కూడా ఈ జాతివే. పైగా ‘కొరడా’ ఇప్పుడు పశువుల కంటే మనుషులకే ఎక్కువ దగ్గరైంది. ‘అక్రమ కట్టడాలపై కొరడా’ అని పత్రికల్లో రోజూ చదువుతున్నాం. మీ కరపత్రంలో ఆ మాట పెడితే పాఠకుడికి కొట్టడం గుర్తొస్తుంది గానీ గుచ్చడం గుర్తురాదు.

అంకుశం ఏనుగుది. మొనతో పాటు కొక్కెం ఉంటుంది, పట్టేది మావటి. వినాయకుడి చేతిలో కనబడేదీ, లలితా సహస్రనామంలో ‘క్రోధాకారాంకుశోజ్జ్వలా’ అన్న చోట ఉన్నదీ అదే. ఆపేవాడు లేని పాలనను ‘నిరంకుశం’ అనడం కూడా ఏనుగును అదుపు చేసే ఆ పనిని బట్టే. అంకుశంలో అదుపు ముఖ్యం, ముల్లుగర్రలో ముందుకు నడిపించడం ముఖ్యం. ఆవుల కొట్టంలోకి అంకుశాన్ని తేవద్దు.

గుచ్చే కర్రకు పాత కావ్యభాషలో ములుకోల ఉంది. సంస్కృతంలో తోత్రం. ‘ప్రాజనం తోదనం తోత్రం’ అని అమరకోశం. గీతాధ్యాన శ్లోకాల్లో కృష్ణుణ్ణి ‘తోత్రవేత్రైకపాణయే’ అంటారు. బొమ్మల్లో పార్థసారథి చేతికి కొరడా ఇస్తారు కాబట్టి చాలామంది తోత్రం అంటే కొరడా అనే అనుకుంటారు. దానికి మూలమైన ‘తుద్’ ధాతువుకు పొడవడం, బాధించడం అని అర్థం. కాబట్టి శ్లోకంలోనిది ముల్లుగర్రకే దగ్గర.

ఇక ఎలక్ట్రిక్ ప్రాడ్. దానికి ముల్లు లేదు, తాడు లేదు, కొక్కెం లేదు. బ్యాటరీతో పనిచేసే పొడవాటి కర్ర లాంటిది, చివర రెండు లోహపు మొనలుంటాయి. అవి ఒంటికి తగిలి మీట నొక్కితే షాక్ కొడుతుంది. దాన్ని ‘షాక్ కర్ర’ అనండి, లేదా ‘కరెంటు కర్ర’ అనండి. ‘విద్యుదంకుశం’ సంధి ప్రకారం తప్పు కాదు, కానీ లారీ దగ్గర నిలబడి ఆవులను ఎక్కించే మనిషికి అది చేరదు. ‘ప్రేరక దండం’, ‘అదిలింపు కర్ర’ లాంటి మెత్తటి పేర్లు మరీ వద్దు. పశువుకు జరిగేది షాక్. అది పేరులో కనబడితేనే చదివినవాడు మీట నొక్కే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఇందులో నాకు పట్టుదల ఉంది.

‘పొడవడం’తో చిక్కు ఏమిటంటే, పశువుల దగ్గర ఆ మాట కొమ్ములకు ముందే కేటాయించి ఉంది. ‘ఆవు పొడిచింది’ అంటాం. అందువల్ల ముల్లుగర్రతో అయితే ‘గుచ్చడం’, షాక్ కర్రతో అయితే ‘షాక్ ఇవ్వడం’ అని విడదీయండి. అసలు కరపత్రంలో ఎక్కువసార్లు రావాల్సిన క్రియ ‘అదిలించడం’. గొంతుతోనో చేతి కదలికతోనో, తాకకుండా కదిలించడం అది. టెంపుల్ గ్రాండిన్ లాంటి పశు ప్రవర్తన నిపుణులు ఏళ్లుగా నేర్పుతున్నది ఇదే. పశువుకు ఒక బెదురు హద్దు ఉంటుంది. భుజానికి వెనకవైపు నుంచి ఆ హద్దులోకి ఒక అడుగు వేస్తే ముందుకు కదులుతుంది. భుజానికి ముందు నుంచి వస్తే వెనక్కి తగ్గుతుంది. సరిగ్గా తోక వెనక నిలబడితే మనిషి దానికి కనబడడు, అప్పుడే తన్నే ప్రమాదం ఎక్కువ. ‘ఫ్లైట్ జోన్’ అని వచ్చినచోట ఈ ‘బెదురు హద్దు’ వాడి చూడండి. ‘పలాయన మండలం’ అని మాత్రం రాయకండి.

నిబంధనలు వచ్చే భాగంలో ‘మొరాయించడం’ మీకు బాగా పనికొస్తుంది. యూరోపియన్ యూనియన్ 2005 నాటి పశు రవాణా నిబంధనను నేనైతే ఇలా రాస్తాను: ‘షాక్ కర్రను వీలైనంతవరకు వాడకూడదు. ఎదిగిన పశువు మొరాయించినప్పుడు, దాని ముందు నడవడానికి చోటు ఉన్నప్పుడు మాత్రమే, వెనక కాళ్ల పైకండల మీద ఒక సెకనుకు మించకుండా షాక్ ఇవ్వాలి. కదలకపోతే మళ్లీ మళ్లీ ఇవ్వకూడదు.’ దూడలకు, గొర్రెలకు, మేకలకు అసలు వాడరాదని, కళ్లు, నోరు, చెవులు, పొదుగు, పొట్ట జోలికి పోరాదని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రమాణాలు చెబుతున్నాయి. ‘అడర్’‌ని కొందరు రొమ్ము అని రాసేస్తున్నారు, పశువుకు పొదుగే.

ముల్లుగర్ర అన్న మాట సరైనదే గానీ, ఆ వస్తువును చట్టం ఒప్పుకోదు. బండిలాగే, బరువులు మోసే పశువుల మీద క్రూరత్వాన్ని నివారించే మన 1965 నిబంధనలు, వాటిని తోలడానికి ముల్లున్న కర్ర వాడటాన్ని నిషేధించాయి. కరపత్రంలో ఆ మాట వచ్చిన మొదటిచోటే ఈ సంగతి ఒక వాక్యంలో చేర్చండి. నాన్నగారికీ చెప్పండి.

వర్ణక్రమం మాటకొస్తే మూడూ వాడుకలో ఉన్నవే. సమాసంలో ‘ముల్లు’ ‘ములు’ కావడం ములుకోలలోనూ చూశాం. ‘కర్ర’ ‘గర్ర’ కావడం సరళాదేశం. ఊతకర్ర, చేతికర్రల్లో అది రాలేదు కాబట్టి ముల్లుకర్రను తప్పు పట్టలేం. మీ ప్రాంతంలో, మీ ఇంట్లో ముల్లుగర్ర అంటున్నారు కాబట్టి మొదటి పేజీ నుంచి చివరి దాకా అదే ఉంచండి.