అర్హుడే గాని, తగినవాడా?

ప్రశ్న: పొద్దున్నే ఇందిరా పార్కులో వాకింగ్ చేసే మా గుంపులో నీలం సంజీవరెడ్డి గారి ప్రస్తావన వచ్చింది. రాష్ట్రపతి పదవికి ఆయన అర్హుడని నేను, ‘అర్హుడే గాని తగినవాడు కాడు’ అని మా మిత్రుడు. రెండూ ఒకటే కదా అంటే ‘కనకపు సింహాసనమున’ పద్యం ఎత్తుకున్నాడు. ఈ మాటలకు తేడా ఉందా?
– ఒక పాఠకుడు, దోమలగూడ

సమాధానం: ముందు ఆ సుమతీ పద్యం సంగతి. రాజకీయాల్లో వాడీ వాడీ దాన్ని అరగదీశాం. అందులో తిట్టు ఉంది గాని తీర్పు లేదు. మీ మిత్రుడిని ఇంకో పద్యం నేర్చుకోమనండి.

తేడా ఉంది. అర్హత కాగితం మీద చూసేది. రాష్ట్రపతి కావాలంటే భారత పౌరుడై, 35 ఏళ్లు నిండి, లోక్‌సభకు పోటీ చేయదగినవాడై ఉండాలని రాజ్యాంగం 58వ అధికరణం చెబుతుంది. సంజీవరెడ్డి గారికి 1969లోనూ ఇవన్నీ ఉన్నాయి. అయినా కాంగ్రెస్ అధికార అభ్యర్థిగా నిలబడి, ‘అంతరాత్మ ప్రబోధం’ ప్రకారం ఓటేయమన్న ఇందిరాగాంధీ పిలుపు పుణ్యమా అని వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. 1977లో అదే మనిషి పోటీయే లేకుండా గెలిచారు. అర్హత ఎక్కడిదక్కడే ఉంది, తగునా తగదా అన్న పదిమంది లెక్కే మారింది.

ఈ ‘తగు’ అచ్చమైన మన ధాతువు. తమిళంలో తకవు, కన్నడంలో తక్క దీని చుట్టాలే. దీనినుంచి పుట్టిన ‘తగవు’కు పాత కావ్యాల్లో న్యాయం, ధర్మం అని అర్థం. న్యాయం తెలిసి తీర్పు చెప్పేవాడు తగవరి. తీర్పు కోసం వెళ్లేది ఇద్దరు కొట్లాడుకున్నాకే కాబట్టి, పోనుపోను తీర్పు పేరు కాస్తా కొట్లాటకు అంటుకుంది. ఇప్పుడు తగవు అంటే జగడమే! న్యాయమనే అర్థం నిఘంటువులో మిగిలింది. అన్నట్టు, మన హైదరాబాదులో చాలామంది తగాదాను కూడా దీని పిల్లే అనుకుంటారు. కాదు. అది బాకీ తీర్చమని వెంటపడే ఉర్దూ ‘తకాజా’ నుంచి వచ్చింది. ఇక పిలవని పేరంటానికి ‘తగుదునమ్మా’ అని బయల్దేరేవాళ్లు ఉండనే ఉన్నారు. ఎన్నికలప్పుడు వాళ్లకు కొదవ లేదు.

యోగ్యుడు గుణాన్ని బట్టి, సమర్థుడు పనిని బట్టి, పాత్రుడు అందుకునేదాన్ని బట్టి. కౌరవసభలో కృష్ణుడి చేత తిక్కన ‘దక్షులెవ్వార లుపేక్ష సేసిరది వారల చేటగు’ అనిపించాడు. దక్షులంటే అడ్డుకోగల సమర్థులు, వాళ్లు పట్టనట్టు ఊరుకుంటే చేటు వాళ్లకేనని. అక్కడ ‘అర్హులు’ అనలేదు చూడండి. అర్హతకేం, ఆ సభలో భీష్మద్రోణులే ఉన్నారు!

పేపర్లవాళ్లు ‘అర్హత కలిగి ఉన్నారు’ అని రాస్తారెందుకో. ‘అర్హులు’ అంటే చాలదా? ‘అనర్హత వేటు’ మరీ విడ్డూరం. అనర్హత కత్తా, గొడ్డలా?

మీ మిత్రుడి వాక్యం భాష దృష్ట్యా నిలుస్తుంది. అభిప్రాయం నిలుస్తుందా అంటే చెప్పడం కష్టం. బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాత 1964లో ముఖ్యమంత్రి పదవి వదులుకున్నది ఆయనే. 1979లో జగ్జీవన్‌రామ్‌కు ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశమివ్వకుండా లోక్‌సభను రద్దు చేసిందీ ఆయనే. నేను ‘తగును’ వైపే కాస్త మొగ్గుతాను గాని, దానికోసం మీ మిత్రుడితో తగవు పడను.