మెత్తటి సీటు కొనేముందు, అమ్మడూ

అమ్మడూ,

సైకిల్ తొక్కడం బాగా నచ్చిందనీ, సీటు మీద మాత్రం అరగంట కూడా కూర్చోలేకపోతున్నాననీ రాశావు. ఎవరినైనా అడగాలంటే సిగ్గేసిందట, అడిగిన ఒక్కరూ "కొత్తలో అంతే, అలవాటైపోతుంది" అన్నారట. ఆ మాట సగమే నిజం.

పిరుదుల కింద చేత్తో తడిమి చూసుకుంటే రెండు గట్టి ఎముకలు తగులుతాయి. మన బరువు మోయాల్సింది అవే. కొత్తలో అక్కడ కమిలినట్టు నొప్పి ఉండటం మామూలే. రోజు విడిచి రోజు కొంచెం కొంచెంగా తొక్కితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కానీ ముందు వైపు, మెత్తటి భాగంలో నొప్పి, తిమ్మిరి, వాపు, మూత్రానికి వెళ్లినప్పుడు మంట ఉంటే మాత్రం దాన్ని అలవాటు చేసుకోకూడదు. అక్కడి నరాలు, రక్తనాళాలు నలుగుతున్నట్టు. తిమ్మిరి ఎక్కుతోందని తెలియగానే దిగి కాసేపు నడువు. దిగాక కూడా తగ్గకపోయినా, వాపు మళ్లీ మళ్లీ వస్తున్నా డాక్టరమ్మకు చూపించుకో. ఓర్చుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు గానీ, ఈ విషయంలో ఓర్చుకోవద్దు తల్లీ.

నొప్పి పుట్టగానే అందరూ చేసే పని మెత్తటి జెల్ సీటు కొనడం. షాపులో బొటనవేలితో నొక్కి చూస్తే హాయిగానే ఉంటుంది. పది నిమిషాలు నిటారుగా కూర్చుని తొక్కడానికి సరిపోతుంది కూడా. దూరం పోయేకొద్దీ ఎముకలు ఆ మెత్తదనంలోకి దిగిపోతాయి, మధ్యలోని స్పాంజి పైకి పొంగి సరిగ్గా ఒత్తకూడని చోటే ఒత్తుతుంది. పైన తొడిగే జెల్ కవర్లయితే జరుగుతూ ఒరుసుకుంటాయి కూడా. కాస్త గట్టిగా ఉన్నా ఎముకలకు సరైన ఆసరా ఇచ్చే సీటే మేలు.

కాబట్టి చూడాల్సింది మెత్తదనం కాదు, వెడల్పు. ఆ కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. పార్సిల్ పెట్టెల అట్ట, లోపల గీతలు గీతలుగా ఉండేది, ఒక ముక్క కోసి గట్టి స్టూలు మీద పరుచు. పలచటి బట్టలతో దాని మీద కూర్చుని, మడమలు కొంచెం పైకెత్తి, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి ఒక నిమిషం ఉండు. లేచి చూస్తే అట్టలో రెండు గుంటలు పడి ఉంటాయి. సరిగ్గా కనపడకపోతే సుద్దముక్కను అడ్డంగా పడుకోబెట్టి పైపైన రుద్దు, గుంటలున్న చోట రంగు అంటదు. ఒక గుంట నడిమధ్య నుంచి రెండోదాని నడిమధ్యకు స్కేలుతో కొలువు. ఆ కొలతకు రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా కలిపితే నీకు కావలసిన వెడల్పు దగ్గరగా తెలుస్తుంది. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ, బాగా వంగి తొక్కేవాళ్లకు కొంచెం తక్కువ పడుతుంది. చాలా సీట్ల వెడల్పు మిల్లీమీటర్లలో చెబుతారు, 143, 155 అని.

మనిషి లావుకూ ఈ కొలతకూ పెద్దగా సంబంధం లేదు. ఆడవాళ్లకు సగటున ఈ ఎముకల మధ్య దూరం ఎక్కువే, అయినా మనిషికీ మనిషికీ తేడా చాలా ఉంటుంది. అందుకని లేడీస్ సీటు అని రాసి ఉన్నంత మాత్రాన కొనకు, మగవాళ్ల సీటని పక్కన పెట్టకు. నడుమ పల్లం గానీ కంత గానీ ఉన్నవి తప్పకుండా కూర్చుని చూడు. ఇవి నిన్నమొన్నటివి కావు, 1890లలోనే ఇలాంటివి అమ్మారు. చాలామందికి ఒత్తిడి తగ్గుతుంది గానీ, కొందరికి ఆ కంత అంచులే కోసుకుంటాయి. అది నీ ఒంటికే తెలియాలి.

అయితే డబ్బు పెట్టేముందు ఉన్న సీటునే సరిచేసి చూడు. ఒక రకంగా అసలు పని ఇదే. గోడ పట్టుకుని సైకిల్ మీద కూర్చుని, పెడల్‌ను పూర్తిగా కిందికి దించి మడమ పెట్టు. కాలు అప్పుడు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడతావు కాబట్టి మోకాలు కాస్త వంగి ఉంటుంది, అంతే చాలు. సీటు మరీ ఎత్తుగా ఉంటే అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంది, తొడలు ఒరుసుకుపోయేది అందుకే. మరీ కిందికి ఉంటే కాళ్లకు బరువు అందక అంతా సీటు మీదే పడుతుంది. తర్వాత వాలు. సీటు మీద అట్ట పుస్తకం పెట్టి పక్క నుంచి చూడు, నేలకు సమాంతరంగా ఉండాలి. సీటు ముక్కు, అంటే ముందు కొస, పైకి లేచి ఉంటే ముందు వైపు నొప్పి ఖాయం. వెంట్రుకవాసి కిందికి వంచితే హాయిగా ఉండొచ్చు. మరీ వంచితే ముందుకు జారుతూ చేతుల మీద బరువు మోస్తావు, మణికట్లు లాగేస్తాయి.

హ్యాండిల్‌ను మర్చిపోకు. అది దూరంగా, కిందుగా ఉంటే అందుకోవడానికి వంగినప్పుడు కటి భాగం మొత్తం ముందుకు తిరిగి బరువు మెత్తటి చోట పడుతుంది. సీటును తిట్టుకునే వాళ్లలో కొందరికి హ్యాండిల్ కాస్త ఎత్తితే చాలు.

ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చు, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు. మార్చేముందు సీటు రాడ్డుకు పాత ఎత్తు దగ్గర టేపు చుట్టు. రాడ్డు మీద ఇంతకంటే పైకి లాగొద్దని గీత ఉంటుంది, అది బయటికి కనపడకూడదు.

బట్టల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల లోదుస్తులు వేసుకోకూడదు, ఆ కుట్లే ఒరుసుకుంటాయి. ఇంటికి రాగానే తడి బట్టలు మార్చెయ్. దారిలో పది పదిహేను నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడు, నలిగిన చోటికి రక్తం అందుతుంది.

ఇవన్నీ చేశాక కూడా కొత్తది కొనాల్సి వస్తే, వాడి చూసి తిరిగి ఇవ్వనిచ్చే షాపులోనే కొను. పది నిమిషాలు కూర్చుంటే ఏదైనా బాగానే ఉంటుంది, గంట తొక్కితేనే దాని సంగతి తెలిసేది. స్నేహితురాళ్ల సీటు అడిగి రెండు రోజులు బిగించుకోవడానికీ మొహమాటపడకు.

అట్ట మీద వచ్చిన కొలతా, నొప్పి సరిగ్గా ఎక్కడ, ఎంతసేపటికి మొదలవుతోందో రాసి పంపు. ఈసారి "అక్కడ" అని వదిలేయకు. నా దగ్గర సిగ్గేమిటి?

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ