‘ట్విన్ పీక్స్’ సీరియల్ నచ్చినవాళ్లు దాని సినిమా కూడా చూడాలా?

అమెరికన్ మిస్టరీ సీరియల్ ‘ట్విన్ పీక్స్’ 30 ఎపిసోడ్లూ పూర్తి చేశారు, దాని సినిమా ‘ఫైర్ వాక్ విత్ మీ’ చెత్త అని అందరూ అంటున్నారు, వదిలేయొచ్చా అని అడిగారు. వదిలేయకండి. కాకపోతే ఇవాళే చూడకండి. ఆ తొందరలోనే నేను దెబ్బతిన్నాను. సీరియల్ ఇంకా చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోండి, హంతకుడెవరో కింద చెప్పేస్తున్నా.

చివరి ఎపిసోడ్ అయిన రాత్రే నేను సినిమా పెట్టాను. హత్య కేసు దర్యాప్తు చేసే ఎఫ్‌బీఐ ఏజెంట్ కూపర్‌ని అద్దం ముందు అలా చూశాక నిద్రెలా పడుతుంది? 1991 జూన్‌లో సీరియల్‌ని అక్కడ తెంపేశారు. మరుసటి ఏడాదే సినిమా వచ్చిందంటే కూపర్ ఏమయ్యాడో చెబుతారనే కదా ఎవరైనా అనుకునేది! సినిమా ఏమో వెనక్కి పోయి, సీరియల్ మొదట్లోనే శవమై దొరికే లారా పామర్ చివరి వారం రోజులు చూపిస్తుంది. అదీ వెంటనే కాదు. మొదటి అరగంట వేరే ఊరు, వేరే అమ్మాయి హత్య, ముక్కూ మొహం తెలియని ఏజెంట్లు. కూపర్ ఇలా వచ్చి అలా పోతాడు. సీరియల్లో ఉన్న ఆడ్రీ లేదు. లారా స్నేహితురాలు డోనా ఉంది గానీ నటి మారిపోయింది. గంట దాటాక ఆపేసి పడుకున్నాను. సగం సినిమా చూసిన ఆ ధైర్యంతోనే కొన్నేళ్లపాటు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అది చెత్త అని చెప్పాను. మీకు చెప్పినవాళ్లలో నాలాంటివాళ్లు ఎంతమందో.

2017లో 18 ఎపిసోడ్ల కొత్త సీజన్ వచ్చేముందు, దానికి ఈ సినిమా చాలా ముఖ్యమని దర్శకుడు డేవిడ్ లించే చెప్పాడు. సరే కదా అని మళ్లీ మొదటినుంచి పెట్టాను.

భోజనాల బల్ల దగ్గర ఒక సీన్ ఉంది. లారా తినడానికి కూర్చుంటుంది. చేతులు కడుక్కున్నావా అంటాడు తండ్రి లీలండ్. ఏ ఇంట్లోనైనా వినపడే మాటే. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని, వేలి గోటి కింద మట్టి ఉందంటూ వదలడు. మెడలో సగం గుండె ఆకారంలో ఉన్న లాకెట్ పట్టుకుని ఎవరిచ్చారని ఆరా తీస్తాడు. చెంప గిల్లుతాడు. దానికి అది నచ్చదని తల్లి అంటే, దానికేం నచ్చుతుందో నీకెలా తెలుసు అంటాడు. రక్తం లేదు, దయ్యం లేదు, ఒక గోరు అంతే. అదే మనిషి కాసేపటికి కూతురి గదికి వచ్చి, నువ్వంటే నాకు ప్రాణమని ఏడుస్తాడు. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, సీరియల్లో లీలండ్ చచ్చిపోతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయని. కూతుర్ని చంపింది అతనే అయినా, తప్పంతా అతన్ని ఆవహించిన బాబ్ అనే దుష్టశక్తి మీదికి నెట్టేసి, కూపర్ ఒళ్లో తలపెట్టించి, ప్రశాంతంగా సాగనంపారు అతన్ని. లారా కోసం మాత్రం నేను ఒక్కసారీ ఏడవలేదు. ఆమె మనకు ఒక ఫొటో, ప్లాస్టిక్‌లో చుట్టిన ఒక శవం, అంతే. నిజానికి లారాగా వేసిన షెరిల్ లీని మొదట తీసుకున్నదే ఆ శవం వేషానికి! ఎవరు చంపారన్న ఊహాగానాల్లో పడి, చచ్చిపోయిన పిల్ల బతికున్నప్పుడు ఏం పడిందో ఎవరూ అడగలేదు. సినిమా అడుగుతున్నది అదొక్కటే. షెరిల్ లీ నటన చూస్తే, ఇంత మనిషిని అన్నాళ్లు ఫొటోలో ఎలా పెట్టారా అనిపిస్తుంది. మొదలవడమే నీలం రంగు గీతలతో ఒక టీవీ, దాన్ని ఎవరో పగలగొడతారు. మొదటిసారి అదేదో స్టైల్ అనుకున్నాను. నాలాంటి ప్రేక్షకులకే ఆ దెబ్బ అని రెండోసారి గానీ అర్థం కాలేదు.

అలాగని అంతా బంగారం కాదు. ఆ మొదటి అరగంట నాకిప్పటికీ సాగదీతే. గాయకుడు డేవిడ్ బోవీ కనిపించే సీన్ కత్తిరించి అతికించినట్టే ఉంటుంది. మిగతా ఊరివాళ్లు కావాలనిపిస్తే, తీసేసిన సీన్లు గంటన్నర దాకా 2014లో ‘ది మిస్సింగ్ పీసెస్’ పేరుతో విడుదలయ్యాయి, సినిమా తర్వాత అవి చూడొచ్చు.

ఒక్క సంగతి ముందే తెలుసుకోండి, ఇది ఇంట్లోనే తండ్రి చేతిలో జరిగే లైంగిక హింస కథ. అది మీకు కష్టమైతే బలవంతాన చూడకండి. చూస్తానంటే ఒక పది రోజులు ఆగి, సీరియల్లోని కాఫీ, చెర్రీ పై సరదాలన్నీ మర్చిపోయి కూర్చోండి. కూపర్ కోసం మాత్రం ఎదురుచూడొద్దు, అతని సంగతి 2017 సీజన్లో.