పెంపుడు జంతువులున్న ఇంట్లో సెన్సర్ లైట్లు: ఎక్కడ బిగించాలి, ఏది చూడాలి

నడవాలోనూ స్నానాలగది దగ్గరా కదలికకు వెలిగే లైట్లు పెట్టించుకోవాలని ఉన్నా, ఇంట్లో పిల్లీ కుక్కా తిరుగుతుండడం వల్ల అవి రాత్రంతా వెలుగుతూ ఆరుతూ ఉంటాయేమోనని మీరు సందేహిస్తున్నారు. మా ఇంట్లో రెండు పిల్లులు, ఒక ముసలి కుక్క ఉన్నాయి. ఇలాంటి లైట్లను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఎంత ఖరీదైన సెన్సర్ కొన్నామన్న దానికంటే దాన్ని ఏ ఎత్తులో, ఎటు చూసేలా బిగించామన్నదే ముఖ్యమని నా అనుభవం.

ఇళ్లలో వాడేవాటిలో ఎక్కువ భాగం ఒంటి వేడిని పసిగట్టే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్లే. వాటికి మనిషి, పిల్లి అన్న తేడా తెలియదు. పైనుండే తెల్లటి ప్లాస్టిక్ లెన్స్ గదిని పట్టీలు పట్టీలుగా విభజిస్తుంది. ఒంటి వేడి ఒక పట్టీలోంచి మరొక పట్టీలోకి జరగగానే లైటు వెలుగుతుంది. పిల్లి ఒంటి వేడి సుమారు 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది కాబట్టి, అది సెన్సర్ ముందు దగ్గరగా అడ్డంగా నడిస్తే లైటు వెలగక మానదు. అందువల్ల గోడ అడుగున అతికించే చిన్న లైట్లు పిల్లులున్న ఇంటికి బొత్తిగా పనికిరావు.

మా నడవాలో సెన్సర్‌ను నడుమెత్తుకు కాస్త పైన, తిన్నగా ఎదుటి గోడను చూసేలా బిగించాం. లెన్స్ కింది వరుసలు నేలవైపు చూస్తాయి కాబట్టి, వాటి మీద అల్యూమినియం రేకును సన్నగా కత్తిరించి పెట్టి, పైన టేపు అంటించాను. ఒక్కో వరుస మూసినప్పుడల్లా ఒకసారి నేను నడిచి, ఒకసారి పిల్లిని పిలిచి చూసుకుంటూ పోతే ఎక్కడ ఆపాలో తెలిసిపోతుంది. సెన్సర్ ఎదురుగా బల్లగానీ అలమరగానీ ఉంటే మాత్రం ఈ శ్రమంతా వృథాయే, ఎందుకంటే పిల్లి దాని మీదికెక్కి సరిగ్గా మన ఎత్తుకు వచ్చేస్తుంది. పెంపుడు జంతువులను పట్టించుకోదని చెప్పి అమ్మే దొంగల అలారం సెన్సర్లకూ ఇదే ఇబ్బంది ఉంది. అవి జంతువు నేల మీదే ఉంటుందన్న లెక్కతో తయారైనవి.

వేడిని బట్టి కాకుండా, రేడియో తరంగాలను పంపి కదలికను కనిపెట్టే మైక్రోవేవ్ సెన్సర్లను నేను సిఫారసు చేయను. అవి పలుచని తలుపులు, గోడల అవతలి కదలికను కూడా పసిగడతాయి, కాబట్టి పక్కగదిలో కుక్క లేచి పడుకున్నా ఇక్కడ లైటు వెలగవచ్చు.

ఎంత జాగ్రత్తపడినా అప్పుడప్పుడు లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, వెలిగినా నిద్ర చెడని లైటును ఎంచుకోవడం మేలు. పసుపు ఛాయ ఉన్న తక్కువ కాంతి బల్బు పెట్టి, వెలిగి ఉండే సమయాన్ని అర నిమిషానికి తగ్గించండి. మాటిమాటికీ వెలిగి ఆరడాన్ని ఎల్‌ఈడీ బల్బు తట్టుకుంటుంది, పాత సీఎఫ్‌ఎల్ బల్బు త్వరగా పాడవుతుంది.

కుక్క విషయంలో నా అభిప్రాయం పూర్తిగా వేరు. వయసు మళ్లి చూపు మందగించిన కుక్కకు ఈ లైట్లు వెలగాల్సిందే. మా కుక్క రాత్రిళ్లు మెట్ల దగ్గర ఆగిపోయి, ముందుకాలు చాపి మెట్టు అంచును తడుముకోవడం చూశాక, అక్కడ మాత్రం సెన్సర్‌ను కావాలనే కిందికి బిగించి, అది మొదటి మెట్టును చేరకముందే లైటు వెలిగేలా సర్దాను. ఇప్పుడది తడబడకుండా దిగుతోంది. పిల్లులకు మనకంటే ఎంతో తక్కువ వెలుతురు సరిపోతుంది కాబట్టి వాటి కోసం విడిగా లైటు అక్కర్లేదు. పంజరంలో పక్షులుంటే ఆ గదిలో ఇలాంటి లైటు అసలు పెట్టకండి. చీకట్లో ఉన్నట్టుండి వెలుతురు పడితే అవి బెదిరి, రెక్కలు కొట్టుకుని గాయపడే ప్రమాదం ఉంది.

గోడకు రంధ్రం చేసే ముందు సెన్సర్‌ను రెండువైపులా అంటుకునే టేపుతో కొన్ని రాత్రులు నిలిపి చూడండి. మీ పిల్లి ఏ దారిన తిరుగుతుందో, ఎక్కడెక్కడ ఎక్కుతుందో ఆలోగా మీకే తెలుస్తుంది.